కన్సిడర్ అంటే చుక్కలు చూడటమా? దస్తావేజు దగ్గర మొదలైన డౌటు

అనువాదపుకూలీ | రాత్రి 9:42

అందరికీ నమస్తే. నేను ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ట్రాన్స్‌లేషన్ పన్లు చేసుకుంటుంటా, మిక్సీ వారంటీ కార్డుల దగ్గర్నుంచి ఇన్సూరెన్సు కాగితాల దాకా ఏదొస్తే అది. మొన్న ఒక ఏజెన్సీ వాళ్ళు స్థలం అగ్రిమెంటు ఒకటి పంపారు, పదకొండు పేజీలు, వాళ్ళే ముందు మెషీన్‌తో తెలుగు చేయించేసి నన్ను జస్ట్ సరిచూడమన్నారు. అందులో ఇంగ్లీషులో "ఇన్ కన్సిడరేషన్ ఆఫ్" అని ఉన్నచోట తెలుగులో "పద్దెనిమిది లక్షల రూపాయలను పరిగణనలోకి తీసుకుని" అని వచ్చింది. చదవడానికి బానే ఉంది కదా అని నేనూ వదిలేశా.

మా పెదనాన్న ఒకప్పుడు రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాడు, ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఊరికే చూస్తాడని ప్రింటు తీసి ఇచ్చా. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, "ఒరే, డబ్బుని పరిగణనలోకి తీసుకోవడం ఏంట్రా, డబ్బుని తీసుకోవాలి" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రతిఫలం అని రాయాలంట. నలభై ఏళ్ళు అదే రాశాడంట.

సరే మార్చేశా గానీ నిద్ర పట్టలా. కన్సిడర్ అంటే ఆలోచించడం, కన్సిడరేషన్ అంటే డబ్బు, రెండూ ఒకే మాట ఎలా అయ్యాయి అని డిక్షనరీ తీస్తే ఇంకో బాంబు పేలింది. కన్సిడర్‌లో "సిడర్" అన్న ముక్క లాటిన్‌లో నక్షత్రమంట! కన్సిడర్ చేయడం అంటే చుక్కల్ని చూడటం అంట. ఇది నిజమేనా, వాట్సాప్ టైపు కథా? నిజమైతే చుక్కల్లోంచి ఆలోచన, ఆలోచనలోంచి పద్దెనిమిది లక్షలు ఎలా వచ్చాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.


గోదారిగట్టు | రాత్రి 9:51

పద్దెనిమిది లక్షలు పెట్టి స్థలం కొన్నోడికి చుక్కలు కనపడక ఏం కనపడతాయండీ. ఇందులో డౌటేముంది.


కొత్తమెంబరు | రాత్రి 9:58

హెడ్డింగులో చుక్కలు అని చూసి స్టార్ అనే వెర్బ్ గురించి అనుకున్నా. వాట్సాప్‌లో మెసేజ్ స్టార్ చెయ్యి అంటాం కదా.


నిఘంటుపురుగు | రాత్రి 10:20

డాలస్ నుంచి. ఇక్కడ మధ్యాహ్నం కావస్తోంది, ఆఫీసులో ఖాళీగానే ఉన్నా, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు కొత్తమెంబరు గారికి. స్టార్ వెర్బ్ కూడా పాతదే. చుక్క గుర్తు పెట్టడం, చుక్కలతో అలంకరించడం అన్న అర్థంలో 16వ శతాబ్దం చివరికే ఉంది. నాటకంలో మెయిన్ వేషం వేయడం అన్న అర్థం 1824 ప్రాంతంలో వచ్చింది, అంటే సినిమా పుట్టకముందే. పోస్టర్ల మీద "స్టారింగ్" అని వేసేది దాని మునిమనవడు. మీరు వాట్సాప్‌లో చేసేది ఆ మొదటి అర్థమే, నాలుగొందల ఏళ్ళ నాటిది.

ఇంక కూలీ గారి అసలు ప్రశ్న. ఇది వాట్సాప్ కథ కాదు. కన్సిడర్ ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో వచ్చింది, పాత ఫ్రెంచిలో "కన్సిడరేర్", దాని వెనక లాటిన్ "కోన్సిడెరారే". లాటిన్‌లో "సీడుస్" అంటే చుక్క, చుక్కల గుంపు. దాన్ని వేరే విభక్తుల్లోకి పెడితే "సీడెరిస్" అవుతుంది, ఆ "సీడెర్" ముక్కే మనకి కనపడేది. ముందున్న "కోన్" అంటే కలిపి, కూడా అని. మొత్తం కలిపితే చుక్కల్ని కలిపి చూడటం, పరికించి చూడటం.

ఇందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, లాటిన్ వాళ్ళకి ఒంటరి చుక్కకి "స్టెల్లా" అనే ఇంకో మాటుంది. సీడుస్ అన్నది ఎక్కువగా గుంపుకి, రాశికి వాడేవాళ్ళు. అంటే కన్సిడర్‌లో ఉన్నది ఒక చుక్క కాదు, వాటి అమరిక. ఏది దేనికి ఏ పక్కనుందో చూడటం. ఆలోచించడం అంటే అదే కదండీ మరి, నాలుగు సంగతులు పక్కపక్కన పెట్టి చూడటం.


గోదారిగట్టు | రాత్రి 10:26

అయితే స్టార్వ్ కూడా స్టార్ లోంచే వచ్చుంటది. మధ్యాన్నం అన్నం మానేస్తే నాకు సాయంత్రానికి చుక్కలు కనపడతాయి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.


నిఘంటుపురుగు | రాత్రి 10:31

హహ, కాదు. స్టార్వ్ పాత ఇంగ్లీషు "స్టెయోర్ఫన్" నుంచి, అంటే చావడం. జర్మన్‌లో ఇప్పటికీ చావడాన్ని "ష్టెర్బెన్" అంటారు, అది దీని అక్కాచెల్లెలు. ఇంగ్లీషులో ఆకలితో చావడం అని ఇరుకైపోయింది, తర్వాత ఉత్త ఆకలికి దిగింది. చుక్కకి దీనికీ సంబంధం లేదు. కన్సిడర్‌లో చుక్క ఉండి కనపడదు, స్టార్వ్‌లో కనపడుతుంది గానీ లేదు.


తర్కంబాబు | రాత్రి 10:47

ఆగండాగండి. ఇలాంటి అందమైన వ్యుత్పత్తులు చూస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. ఎవరు చెప్పారు చుక్కల నుంచి అని? లాటిన్ పుస్తకాల్లో కోన్సిడెరారేని నిజంగా "నక్షత్రాలు చూడటం" అనే అర్థంలో వాడిన వాక్యం చూపించండి. సిసెరో లాంటి పాత రోమన్ రచయితలు వాడినా "జాగ్రత్తగా పరిశీలించడం" అనేగా వాడింది. మాట రెండు ముక్కలు చేసి ముక్కకో అర్థం చెప్తే ఏదైనా దేన్నుంచైనా పుట్టించొచ్చు, మనవాళ్ళు ప్రతి ఊరి పేరుకీ ఒక రాముడి కథ చెప్పట్లా?


నిఘంటుపురుగు | రాత్రి 11:05

తర్కంబాబు గారు అడగాల్సిందే అడిగారు. చెప్పింది రోమన్లే. ఫెస్టస్ అని 2వ శతాబ్దపు పండితుడు పాత లాటిన్ మాటల మీద పెద్ద నిఘంటువు చేశాడు, అందులో చాలా భాగం పోయింది, 8వ శతాబ్దంలో పౌలుస్ అనే సన్యాసి దాన్ని కుదించి రాసుకోబట్టి కొంత మిగిలింది. అందులో ఒక ముక్క ఉంది, "దేసిడెరారే, కోన్సిడెరారే ఈ రెండూ సీడుస్ నుంచి వచ్చాయన్నది ఖాయం" అని. లాటిన్‌లో "చేర్టుమ్ ఎస్ట్" అనే రాశాడు. దేసిడెరారే అంటే కోరుకోవడం.

కానీ మీరన్నదాంట్లోనూ నిజముంది. చుక్కల్ని చూడటం అన్న ముడి అర్థంలో ఆ మాట వాడకంలో దొరకదు, మనకి కనపడేటప్పటికే అది పరిశీలన, ఆలోచన అయిపోయింది. అందుకే ఇప్పటి నిఘంటువులు "బహుశా" అని ఒక మాట తగిలిస్తాయి. టక్కర్ అనే లాటిన్ పండితుడు అసలు సీడుస్ కాదన్నాడు, చుక్కల కథ "దేసిడెరారే"కి అతకదు కాబట్టి రెండూ వేరే ధాతువు నుంచి వచ్చుంటాయి, ఇంగ్లీషు "సైడ్" ఉంది చూశారూ దాని వంశం అని ఆయన వాదన. ఎక్కువమంది మాత్రం చుక్కల వైపే ఉన్నారు.


తర్కంబాబు | రాత్రి 11:09

పద్దెనిమిదొందల ఏళ్ళ కింద ఒకాయన "ఖాయం" అన్నాడంటే అప్పటికే ఎవరో కాదని వాదించి ఉంటారు. ఎవరూ కాదననిదానికి ఖాయం అని రాయం కదా. సరే, "బహుశా"తో నాకు ఓకే.


టెలిస్కోపుతాత | ఉదయం 5:10

నిద్ర లేవగానే ఈ చర్చ చూసి ప్రాణం లేచొచ్చింది. నేను రైల్వేలో రిటైరయ్యి పన్నెండేళ్ళయింది, అప్పట్నుంచి డాబా మీద చిన్న టెలిస్కోపు పెట్టుకుని కాలక్షేపం. నాకు లాటిన్ రాదు, చుక్కలు వచ్చు.

మా పక్కింటి వాటర్ ట్యాంకు తూర్పు వైపు ఉంటుంది. నవంబరు మూడో వారంలో పొద్దుగూకే వేళకి పిల్లలకోడి, అదే కృత్తికలు, ఆ దిక్కునే లేస్తుంది. చీకటి బాగా పడ్డాక ఒక రోజు ట్యాంకు మూతకి సరిగ్గా పైన కనపడిన టైము నోటుబుక్కులో రాసుకున్నా. మర్నాడు అదే చోటుకి నాలుగు నిమిషాలు ముందే వచ్చేసింది. ఆ మర్నాడు ఇంకో నాలుగు. నెల తిరిగేసరికి రెండు గంటల తేడా. ఎందుకంటే చుక్కల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే పడుతుంది, 24 గంటలు సూర్యుడి లెక్క. ఈ చుక్కల రోజుని ఇంగ్లీషులో సైడీరియల్ డే అంటారు. ఇన్నేళ్ళూ ఆ "సైడీరియల్" ఎక్కడి మాటో అనుకునేవాణ్ణి, ఇప్పుడు నిఘంటుపురుగు గారి సీడుస్ చదివాక వెలిగింది, కన్సిడర్ దీని చుట్టమే!

మన పంచాంగాలూ ఈ సైడీరియల్ లెక్కే. నిరయనం అంటాం. సూర్యుడు మకరంలోకి వచ్చాడని జనవరి 14, 15న సంక్రాంతి చేసుకుంటాం, అదే పాశ్చాత్యుల సాయన లెక్కలో, అంటే చుక్కల్ని బట్టి కాక ఋతువుల్ని బట్టి వేసే లెక్కలో అయితే డిసెంబరు 21, 22నే మకరం వచ్చేస్తుంది. ఆ తేడానే అయనాంశ, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు.

ఇంకోటి చెప్పి ఆపుతా. చుక్కని ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలీదు. ట్యాంకు మూతతోనో పక్క చుక్కతోనో పోల్చి చూడాలి, నిన్నటి దాంతో ఇవాళ్టిది పోల్చాలి, అప్పుడే అది కదిలిందో లేదో తెలిసేది. నిఘంటుపురుగు గారు "కోన్" అంటే కలిపి అన్నప్పుడు నాకు నా నోటుబుక్కే గుర్తొచ్చింది. తర్కంబాబు ఒప్పుకోకపోయినా నేను దీన్ని నమ్ముతా.


తర్కంబాబు | ఉదయం 7:30

మాస్టారూ, మీ నోటుబుక్కు ముందు నా తర్కం ఏపాటిది. నమ్మండి.


ఓరుగల్లుటీచరమ్మ | ఉదయం 8:02

నేను హైస్కూల్ల ఇంగ్లీష్ చెప్త. ఈ మాటతోని మా పిల్లలు పడే తిప్పలు చెప్పాల్నంటే ఒక రోజు పడ్తది. "ఐ కన్సిడర్ హిమ్ యాజ్ మై బ్రదర్" అని రాస్తరు, యాజ్ అవసరం లేదురా అంటే వినరు, రిగార్డ్‌కు యాజ్ కావాలె, కన్సిడర్‌కు వద్దు, ఉత్తగ "కన్సిడర్ హిమ్ మై బ్రదర్" చాలు. ఇంకోటి "ఐ యామ్ కన్సిడరింగ్ టు గో" అని. గోయింగ్ అనాలె. ఎన్నిసార్లు ఎర్రపెన్నుతోని దిద్దిన్నో లెక్కలేదు.

దీని పిల్లలు ఇంక చిత్రం. కన్సిడరబుల్ అంటే మొదట్ల పట్టించుకోవాల్సినంత అనే, అటెన్క "శానా" అయింది. కన్సిడరేట్ అంటే మొదట్ల బాగ ఆలోచించి చేసింది అని, ఎదుటోళ్ళ కష్టం గురించి ఆలోచించేటోడు అన్న అర్థం 1700 దిక్కు వచ్చింది. ఇప్పుడు మొదటిది దాదాపు మర్చేపోయిన్రు.

నాకొక డౌట్ ఉన్నది. మన తెలుగుల దీన్ని పరిగణించు అంటం. అండ్ల ఉన్నది గణం, గణితం, లెక్క. ఇంగ్లీషోళ్ళు చుక్కల్ని జూసి ఆలోచిస్తే మనోళ్ళు లెక్కపెట్టి ఆలోచిస్తరా? "వాడు నన్ను లెక్కజెయ్యడు" అంటం గద, అది గూడ అదే. మీరేమంటరు?


అనువాదపుకూలీ | ఉదయం 8:40

టీచరమ్మ గారూ అదిరింది. నేను రాత్రంతా తెలుగు వైపు ఆలోచించనే లేదు. మరి ఆలోచించడం? అందులో లోచనం ఉంది కదా, కన్ను! సంస్కృతంలో ఆలోచనం అంటే చూడటమే. అంటే మనకి లెక్కా ఉంది, చూపూ ఉంది. ఖాతరు చేయడం కూడా ఉంది, అది ఉర్దూ మీదుగా అరబ్బీ నుంచి, మనసులో వచ్చే తలపు అని.


గోదారిగట్టు | ఉదయం 8:44

అసలైన తెలుగు కన్సిడర్ మీరెవరూ చెప్పట్లేదు. "చూద్దాం." బాస్‌ని లీవడిగితే చూద్దాం. మావయ్యని అప్పడిగితే చూద్దాంలే. పిల్లాడు సైకిలడిగితే పరీక్షలయ్యాక చూద్దాం. మనవాళ్ళు ఏది చూస్తారో చెప్పరు, ఎక్కడ చూస్తారో చెప్పరు, ఉత్తి ఆకాశంలోకే చూస్తారనుకుంటా. రోమన్లకీ మనకీ ఇక్కడ కలిసింది.


చర్చివీధి | ఉదయం 10:15

చాలా రోజులకి ఇక్కడ రాస్తున్నా. గోదారిగట్టు గారి "చూద్దాం" చదివి ఒకటి గుర్తొచ్చింది. మా ఇంట్లో నాయనమ్మ తెలుగు బైబిలు చదివేది, నాన్న ఇంగ్లీషుది, 1611 నాటి కింగ్ జేమ్స్. ఇద్దరూ ఒకే వచనం పక్కపక్కన చదవడం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

మత్తయి 6:28లో ఇంగ్లీషులో "కన్సిడర్ ది లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్" అనుంటుంది. తెలుగులో "అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి". ఇది మామూలే. కానీ కీర్తన 8:3 చూడండి. ఇంగ్లీషులో "వెన్ ఐ కన్సిడర్ దై హెవెన్స్", ఆ తర్వాత చంద్రుడు, నక్షత్రాలు అని వస్తుంది. అంటే కన్సిడర్ అనే మాట నిజంగా చుక్కల్ని చూసే చోట పడింది! మరి తెలుగులో అక్కడ ఏముందంటే "చంద్రనక్షత్రములను నేను చూడగా". ఆలోచించగా అని లేదు, చూడగా అనే ఉంది. పొద్దున రెండు పుస్తకాలూ తీసి చూసుకుని మరీ రాస్తున్నా.


నిఘంటుపురుగు | ఉదయం 10:34

ఆహా. ఇక్కడ అర్ధరాత్రి అయింది, అయినా ఇది చూసి పడుకోలేకపోతున్నా. చర్చివీధి గారూ, హీబ్రూ మూలంలో అక్కడున్నది ఉత్త "చూడటం" అనే క్రియే. లాటిన్ బైబిల్లో కూడా చూడటమే, కోన్సిడెరారే వాడలేదు. కాబట్టి తెలుగు చేసినవాళ్ళు మూలం దగ్గరే నిలబడ్డారు, ఇంగ్లీషువాళ్ళే ఒక మెట్టు ఎక్కి కన్సిడర్ అన్నారు. వాళ్ళకి దాని వెనకున్న సీడుస్ తెలిసే వేశారో, చెవికి బావుందని వేశారో గానీ, మాట తిరిగి తిరిగి పుట్టింటికొచ్చింది.

ఇదే వరసలో ఇంకొన్ని రాసేసి పడుకుంటా. డిజాస్టర్‌లో "ఆస్టర్" ఉంది చూడండి, అది గ్రీకు వైపు చుక్క, ఇటాలియన్ "దిసాస్ట్రో" నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, చెడు నక్షత్రం అన్నమాట. ఇప్పుడది నామవాచకమే గానీ షేక్‌స్పియర్ దాన్ని ఒకచోట క్రియగా కూడా వాడాడు, ఆంటనీ అండ్ క్లియోపాత్రాలో, కళ్ళు లేని గుంటలు బుగ్గల్ని "డిజాస్టర్" చేస్తాయి అని. ఇన్‌ఫ్లుయెన్స్ అంటే మొదట్లో నక్షత్రాల్లోంచి మనుషుల మీదకి కారే శక్తి, ఇటాలియన్‌లో అదే "ఇన్‌ఫ్లుయెంజా", 1743లో ఇటలీలో వచ్చిన జ్వరంతో ఇంగ్లీషులోకి దిగింది. మనం ఫ్లూ అంటాం. మాత్ర వేసుకుని పడుకుంటాం గానీ చుక్కల్ని తిట్టుకోం.

చాసర్ అని 14వ శతాబ్దపు కవి, ఆయన "స్టెల్లిఫై" అనే క్రియ వాడాడు. అంటే మనిషిని నక్షత్రంగా మార్చేయడం. కలలో గద్ద ఎత్తుకుపోతుంటే దేవుడు నన్ను స్టెల్లిఫై చేస్తాడేమో అని భయపడతాడు. మన ధ్రువుడికీ అరుంధతికీ అయింది అదే, మనకే దానికి ఒక్క ముక్కలో క్రియ లేదు.


కొత్తమెంబరు | ఉదయం 10:50

ప్లూటో కూడా వెర్బ్ అయిందంట కదా. 2006లో దాన్ని గ్రహాల లిస్టులోంచి తీసేశాక ఎవర్నైనా హోదా తగ్గిస్తే "ప్లూటోడ్" అన్నారు, అమెరికన్ డయలెక్ట్ సొసైటీ దాన్నే ఆ ఏడాది మాటగా ఎంచుకుంది. మా మేనేజర్ మార్చిలో నన్ను అదే చేశాడు.


గోదారిగట్టు | ఉదయం 10:53

తమ్ముడూ అది చుక్క కాదు, గ్రహం. ఇప్పుడు పూర్తి గ్రహం కూడా కాదు. నీ బాధ మాత్రం అర్థమైంది.


ప్లీడరుగారబ్బాయి | మధ్యాహ్నం 1:20

కూలీ గారి రెండో ప్రశ్న అందరూ గాలికొదిలేశారు, పద్దెనిమిది లక్షల సంగతి. కోర్టు లంచ్‌లో రాస్తున్నా.

కన్సిడర్ చేసేది ఆలోచన. 15వ శతాబ్దానికి కన్సిడరేషన్ అంటే ఆలోచన అనే కాక "ఆలోచించాల్సిన సంగతి", ఒక పని చేయడానికి మనిషిని కదిలించిన కారణం అని కూడా అయింది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషు కోర్టుల్లో మాట తప్పినవాళ్ళ మీద దావాలు పెరిగాయి. అప్పుడు జడ్జీలు అడిగే ప్రశ్న ఒకటే, నువ్వు ఆ మాట ఎందుకిచ్చావ్, ఏం చూసుకుని ఇచ్చావ్? దేన్ని చూసుకుని ఇచ్చాడో అదే కన్సిడరేషన్. ఊరికే ఇచ్చిన మాటకి కోర్టు పూచీ పడదు. అలా "ఏం చూసుకుని" అన్నది మెల్లగా "ఏం పుచ్చుకుని" అయింది. 1600 నాటికి అది అక్షరాలా ముట్టిన సొమ్ము. తెలుగులో మనమూ "వాడి మొహం చూసి ఇచ్చా", "ఆస్తి చూసి పిల్లనిచ్చారు" అనట్లా? అదే చూపు.

ఇప్పుడు అసలు మజా. మన కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 2 డి. లా కాలేజీలో మాచేత బట్టీ పట్టించారు. "వెన్, ఎట్ ది డిజైర్ ఆఫ్ ది ప్రామిసర్..." అని మొదలై, మాటిచ్చినవాడి కోరిక మీద అవతలివాడో ఇంకెవరైనానో ఏదైనా చేస్తే, మానుకుంటే, చేస్తామంటే, దాన్ని ఆ మాటకి కన్సిడరేషన్ అంటారు అని ముగుస్తుంది. నిఘంటుపురుగు గారు పైన చెప్పిన ఫెస్టస్ మాట చూడండి, దేసిడెరారే, కోన్సిడెరారే రెండూ చుక్కల నుంచే అని. దేసిడెరారే అంటే డిజైరేగా? ఆ రెండు మాటలూ మన చట్టంలో ఒకే వాక్యంలో ఇటొకటి అటొకటి కూర్చున్నాయి. పదిహేడేళ్ళ ప్రాక్టీసులో ఎన్నిసార్లు చదివానో, ఇవాళే కనపడింది.

ఆ డిజైర్ ఉత్త అలంకారం కాదు కూడా. 1880లో అలహాబాదు హైకోర్టు కేసు, దుర్గాప్రసాద్ వర్సెస్ బల్దేవ్. దుర్గాప్రసాద్ కలెక్టరు చెప్పాడని సొంత డబ్బుతో బజారు కట్టించాడు. అందులో కొట్లు పెట్టుకున్నవాళ్ళు అమ్మకాల మీద కమీషన్ ఇస్తామన్నారు, తర్వాత ఎగ్గొట్టారు. దావా వేస్తే ఓడిపోయాడు. ఎందుకు? బజారు కట్టింది కలెక్టరు కోరిక మీద, కొట్లవాళ్ళ కోరిక మీద కాదు. డిజైర్ లేదు కాబట్టి కన్సిడరేషన్ లేదు.


అనువాదపుకూలీ | మధ్యాహ్నం 1:41

ప్లీడరు గారూ దండం. మరి "ఇంకెవరైనానో" అన్నారు కదా, డబ్బు వేరేవాళ్ళిచ్చినా చెల్లుతుందా?


ప్లీడరుగారబ్బాయి | మధ్యాహ్నం 1:55

చెల్లుతుంది, దానికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే కేసు మనవాళ్ళదే. మద్రాసు హైకోర్టు, చిన్నయ్య వర్సెస్ రామయ్య, 1882 అని చదివాం. ఒక పెద్దావిడ తన ఆస్తి కూతురికి దానం రాసిస్తూ, నా తోడబుట్టినవాళ్ళకి ఏటా 653 రూపాయలు ఇస్తుండాలి అని షరతు పెట్టింది. కూతురు అదే రోజు అలాగే ఇస్తానని వాళ్ళకి కాగితం రాసిచ్చింది. తర్వాత మానేసింది. మీరు నాకేమిచ్చారు గనక నేనివ్వాలి అని ఆవిడ వాదన. కోర్టు ఏమందంటే, వాళ్ళివ్వకపోతేనేం, మీ అమ్మ ఇచ్చింది కదా, అదే ప్రతిఫలం, కట్టు అంది. ఇంగ్లండులో అప్పటికి ఈ వాదన చెల్లేది కాదు, మన చట్టంలో "ఇంకెవరైనా" అన్న ముక్క ఉండబట్టి చెల్లింది.

కోర్టు పిలుపొచ్చింది, ఉంటా.


టెలిస్కోపుతాత | మధ్యాహ్నం 3:30

డిజైర్ సంగతి ఇంకా తేలలేదు. చుక్కలకీ కోరికకీ ఏం సంబంధం? ఉల్క రాలేటప్పుడు కోరుకోవడమా?


తర్కంబాబు | మధ్యాహ్నం 3:48

దీనికి నేనే చెప్తా, పొద్దున్నుంచి ఆఫీసులో పని మానేసి ఇదే చూస్తున్నా. "దే" అంటే నుంచి, దూరంగా. చుక్కలు ఏం తెస్తాయో అని ఎదురుచూడటం అని ఎక్కువమంది చెప్పే వివరణ. నాకది పూర్తిగా అతకలేదు, టక్కర్ అనుమానపడ్డదీ ఇక్కడే. కానీ లాటిన్‌లో ఆ మాట వాడిన తీరు చూస్తే ఒళ్ళు జలదరించింది. వాళ్ళకి దేసిడెరారే అంటే ఉత్త కోరుకోవడం కాదు, ఉండాల్సింది లేకపోవడం, ఆ లోటు తెలియడం. రోమన్ సేనాని సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్సు వైపు) యుద్ధాల గురించి రాస్తూ గెర్గోవియా దగ్గర దెబ్బతిన్న రోజు లెక్క చెప్తాడు, క్రీ.పూ. 52లో. 700కి కొంచెం తక్కువమంది సైనికులు "దేసిడెరాటి" అంటాడు. అంటే సాయంత్రం తల లెక్కపెడితే లేనివాళ్ళు. చనిపోయారు అనడానికి బదులు, ఉండాల్సినచోట కనపడలేదు అని.

అలా చూస్తే చుక్కలు అతుకుతాయేమో. రోజూ ఒకచోట కనపడేది ఇవాళ అక్కడ లేకపోతే వెతుక్కుంటాం కదా. ఇది నా ఊహ, ఏ నిఘంటువూ ఇలా చెప్పలేదు, ఎవరూ కాపీ కొట్టి ఫార్వర్డు చేయకండి.


టెలిస్కోపుతాత | సాయంత్రం 4:05

ఊహే అయినా బావుంది నాయనా. ఏప్రిల్ చివరికొచ్చేసరికి పిల్లలకోడి పడమట సంధ్య వెలుగులో మునిగిపోతుంది. కొన్ని వారాలు అసలు కనపడదు. సూర్యుడి వెనక ఉందని తెలుసు, అయినా పొద్దున లేచి డాబా ఎక్కి తూర్పున ట్యాంకు వైపు చూస్తూనే ఉంటా. మళ్ళీ జూన్‌లో తెల్లారగట్ల కనపడేదాకా అంతే. మా ఆవిడ పోయిన ఏడాది అలవాటైంది ఇది.


ఓరుగల్లుటీచరమ్మ | సాయంత్రం 4:30

తాతా, మీరు రాసింది సదివి గమ్మున కూసున్న. రేపు క్లాసుల డిజైర్ చెప్పేటప్పుడు మీ ట్యాంకు ముచ్చట చెప్త, పేరు చెప్పనులెండి.


అనువాదపుకూలీ | రాత్రి 8:15

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. అగ్రిమెంటులో ఆ వాక్యం చివరికి ఇలా పెట్టా: "మీ వద్ద నుండి నేను పూర్తిగా పుచ్చుకున్న పద్దెనిమిది లక్షల రూపాయల ప్రతిఫలమునకు గాను". పెదనాన్నకి చదివి వినిపిస్తే "ఇప్పుడు స్థలం చేతులు మారింది" అన్నాడు. ఇంకా మూడు చోట్ల మెషీన్ అదే తప్పు చేసింది, ఒకచోట "ఎట్ ది డిజైర్ ఆఫ్ ది పర్చేజర్" అన్నదాన్ని "కొనుగోలుదారు కామంతో" అని రాసింది, అది మాత్రం మీ అందరికీ చెప్పకుండా ఉండలేకపోయా.

ఏజెన్సీకి పంపేసి, పోయిన నెల పనితో కలిపి బిల్లు కూడా పెట్టా. ఇందాకే జవాబొచ్చింది. "యువర్ ఇన్‌వాయిస్ ఈజ్ అండర్ కన్సిడరేషన్" అంట.


గోదారిగట్టు | రాత్రి 8:17

అయితే చాప పట్టుకుని డాబా ఎక్కవయ్యా. తాతగారు ఎటు చూడాలో చెప్తారు.